మూడొందల చాకు మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా

నా కుడి చూపుడువేలి కణుపు మీద అడ్డంగా ఒక తెల్లని గీత ఉంది. పదేళ్ల కిందట తీర్థంలో తోపుడుబండి మీద రెండొందల యాభైకి కొన్న మడత చాకు ఇచ్చిన గుర్తు అది. డాబా మీద ట్యాంకుకు చుట్టిన పాత కొబ్బరితాడు కోస్తుంటే మొన పీచులో ఇరుక్కుంది. బయటికి తీద్దామని కాస్త ఎత్తి లాగాను. బ్లేడు వెన్ను మీద, అంటే పదును లేని పై అంచు మీద, బరువు పడేసరికి లాక్ జారింది, బ్లేడు వచ్చి వేలి మీద మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి.

చూడ్డానికి ఆ చాకుకు ఏ లోటూ లేదు. నల్లటి పూత, పిడి మీద పులిబొమ్మ, బ్లేడు మీద ‘స్టెయిన్‌లెస్ 440’ అని అక్షరాలు. నేను చూసినవన్నీ అవే. చూడాల్సినవి చూడలేదు.

ఆ తర్వాత కూడా చవక చాకులు కొనడం మానలేదు. డజను దాకా కొని ఉంటాను. అందులో నాలుగు ఇప్పటికీ రోజూ పనికొస్తున్నాయి, ఒకటి మూడొందలదే. రెండొందల నుంచి పదిహేను వందల లోపు చాకుల్లో రత్నాలూ ఉంటాయి, రాళ్లూ ఉంటాయి. ధర చూసి రెండూ వేరు చేయలేం. చేత్తో పట్టుకుని, వరసగా కొన్ని పరీక్షలు పెట్టి తేల్చుకోవాలి. సగం పరీక్షలు కొట్లోనే అయిపోతాయి, మిగతావి ఇంట్లో రెండు వారాలు పడతాయి.

1. ముందు పని తేల్చుకోండి

జేబులో చాకుతో మనం నిజంగా కోసేవి ఏమిటో ఒక వారం గమనించండి. కొరియర్ అట్టపెట్టెలు, పురికొస, ప్లాస్టిక్ తాడు, బియ్యం సంచి కుట్లు, జామకాయ, అప్పుడప్పుడూ వైరు తొక్క. వీటిలో దేనికీ ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు దాటిన బ్లేడు అక్కర్లేదు. ఇంకా పొడుగు కావాలంటే వంటింటి కత్తి ఉండనే ఉంది.

కొలబద్దగా రెండు చాకులు మనసులో పెట్టుకోండి. ఒకటి ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన ఒపినెల్ చాకు. చెక్క పిడి, పల్చటి బ్లేడు, తెరిచాక తిప్పి బిగించే ఒక ఉంగరం, అంతే. ఎనిమిదో నంబరు సైజు బ్లేడు 8.5 సెంటీమీటర్లు. రెండోది స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్, ఎర్ర పిడి మీద తెల్ల సిలువ ఉండేది. రెండింటిలోనూ హంగులు తక్కువ, కోత ఎక్కువ. స్నేహితుల దగ్గర ఏదైనా ఉంటే ఒక్కసారి తెరిచి మూసి చూడండి. బాగా చేసిన చాకు చేతికి ఎలా ఉంటుందో తెలిస్తే, చవకదాంట్లో ఏం తగ్గిందో వేళ్లే చెప్తాయి.

తోటపని ఉన్నవాళ్ల లెక్క వేరు. కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్ల చేతిలో ఉండే చాకును గమనించండి. అలాంటి చాకుకు ఒక వైపే సాన ఉంటుంది, రెండో వైపు చదును. అందుకే కొమ్మ మీద ఒక్క లాగుకు నున్నటి కోత పడుతుంది. దాంతోనే మామిడికాయ కోయబోతే మాత్రం బ్లేడు ఒక పక్కకు ఈడుస్తుంది. మంచి చాకే, కానీ ఆ పనికి మంచిది కాదు.

వెన్ను మీద రంపపు పళ్లు, పిడి చివర అద్దం పగలగొట్టే మొన, లోపల టార్చి ఉన్నవాటిని నేను పక్కన పెట్టేస్తాను. ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా, బ్లేడులోనే మిగులుస్తారు.

2. ఉక్కు పేరును ఎంతవరకు నమ్మాలి

ఆన్‌లైన్‌లో చూస్తే ప్రతి చాకు కింద ఒక నంబరు ఉంటుంది. ఈ ధరలో ఎక్కువగా కనపడేవి 3సీఆర్13, 420, 440ఏ, 8సీఆర్13మోవీ, ఈమధ్య డీ2. 3సీఆర్13, 8సీఆర్13మోవీ లాంటి చైనా పేర్లలో మొదటి అంకె కర్బనం పాలును సూచిస్తుంది. 3 అంటే సుమారు 0.3 శాతం, 8 అంటే సుమారు 0.8 శాతం. కర్బనం తక్కువైతే ఉక్కు మెత్తన, పదును త్వరగా పోతుంది. కానీ తుప్పు తొందరగా పట్టదు, సానరాయి మీద నాలుగు రుద్దులకు మళ్లీ వస్తుంది. 8సీఆర్13మోవీ ఈ ధరకు మధ్యే మార్గం. డీ2లో పదును చాలాకాలం నిలుస్తుంది గానీ తడికి మచ్చ పడుతుంది, మామూలు రాయి మీద చేయి నొప్పి పుట్టేదాకా రుద్దాలి.

ఉత్త ‘440’ అని రాస్తే అర్థం లేదు. 440ఏకీ 440సీకీ కర్బనంలో చాలా తేడా ఉంది. అక్షరం లేకుండా నంబరు మాత్రమే వేశారంటే మంచి రకం కాదనే అనుకోండి. ‘సర్జికల్ స్టీల్’ అనేది ఉక్కు రకం పేరు కాదు, అమ్మకం మాట. అలలు అలలుగా గీతలున్న ‘డమాస్కస్’ బ్లేడు నాలుగొందలకు దొరికితే ఆ గీతలు పైన అచ్చు వేసినవే. నిజంగా పొరలు కలిపి కొట్టినదైతే గీత బ్లేడు పక్కనే ఆగదు, వెన్ను మీదుగా అవతలి వైపుకు కొనసాగుతుంది. వెన్ను నున్నగా ఉందా, బొమ్మ ఒట్టి వేషం.

నంబరు నిజమే అయినా కథ సగమే. అదే ఉక్కును ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు, మళ్లీ ఎంత వేడి చూపించారు అన్నదాని మీదే గట్టిదనం ఆధారపడుతుంది. విక్టోరినాక్స్ వాళ్ల బ్లేడు, ఉక్కు గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది, కాగితం మీద అదేమంత గొప్ప అంకె కాదు. అయినా ఆ చాకు కోస్తుంది, ఎందుకంటే బ్లేడు పల్చన, కాల్చిన తీరు ప్రతి చాకుకూ ఒకటే. ఈ కాల్పు సంగతి ఏ ప్యాకెట్ మీదా రాయరు, వాడితేనే తెలుస్తుంది. అందుకని నంబరు దగ్గర ఎక్కువసేపు ఆగకండి.

3. మూసి ఉండగా

చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గలగలమంటే ఏదో వదులుగా ఉంది. వెలుగుకు ఎత్తి పట్టి పిడి సందులోకి చూడండి. బ్లేడు మధ్యలో ఉండాలి. కొంచెం ఒక పక్కకు ఒరిగితే ఫరవాలేదు, గోడకు రాసుకుంటుంటే వద్దు. తర్వాత మొన ఉండే చోట బొటనవేలు నెమ్మదిగా పిడి మీదుగా జరపండి. మొన గుచ్చుకుంటే ఆ చాకు జేబులో పెట్టుకునేది కాదు. చవక చాకుల్లో ఇది తరచూ కనిపించే లోపం, చాలామంది ప్యాంటు చిరిగాకే గమనిస్తారు.

4. తెరిచాక ఊగుతోందా, లాక్ నిలుస్తోందా

నాకు కుట్లు పడింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పిడిని ఒక చేత్తో, బ్లేడును వెన్ను వైపు నుంచి ఇంకో చేత్తో పట్టుకుని కుడి ఎడమలకు కదపండి. వెంట్రుకవాసి కదిలితే ఇరుసు దగ్గర మర ఉన్న చాకులో అది బిగించుకోవచ్చు. సాధారణంగా ఆరు మూలల నక్షత్రం ఆకారపు టోర్క్స్ మర ఉంటుంది. రివెట్ కొట్టిన చాకులో ఆ వీలు లేదు, వదులుంటే వదులే. ఇప్పుడు పైకీ కిందికీ కదపండి. ఆ దిశలో కదలిక ఉంటే తప్పు లాక్‌లో ఉందన్నమాట. అది ఇంట్లో బాగయ్యేది కాదు, తిరిగి ఇచ్చేయండి.

లాక్ రకాలు చాలా ఉన్నాయి గానీ చవకలో తగిలేవి నాలుగే. లాక్ లేనివి ఒక రకం, పిడి వెన్నులోని స్ప్రింగు బిగువు మీదే నిలుస్తాయి. విక్టోరినాక్స్ చిన్న చాకులు అలాంటివే. పిడి వెన్ను మీద నొక్కితే వదిలేది ఇంకో రకం. ఒపినెల్ ఉంగరం మూడోది, 1955 నుంచి ఉంది, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. నాలుగోది లైనర్ లాక్, మన బజార్లో ఎక్కువగా కనపడేది. పిడి లోపలి రేకు ఒకటి పక్కకు వంగి, తెరిచిన బ్లేడు మడమ (పిడి వైపు చివర) వెనక అడ్డంగా నిలుస్తుంది.

ఈ రేకునే దగ్గరగా చూడండి. బ్లేడు తెరిచి, అది మడిచే గాడి వైపు నుంచి లోపలికి తొంగి చూస్తే రేకు అంచు బ్లేడు మడమను ఎక్కడ తాకుతోందో కనిపిస్తుంది. మడమ వెడల్పులో పావు నుంచి సగం దాకా రేకు వచ్చి నిలిస్తే మంచిది. అంచుకు అరమిల్లీమీటరు తగిలీ తగలనట్టు ఉంటే అది నా తీర్థం చాకు. పూర్తిగా అవతలి గోడదాకా వెళ్లిపోయి ఉంటే, కొత్తగానే అరిగిపోయిన చాకు అది. ఐదారుసార్లు తెరిచి చూడండి. ప్రతిసారీ అదే చోట ఆగాలి. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగితే నమ్మకండి. రేకు మందం కూడా చూడండి, అగ్గిపెట్టె అట్టలా పల్చగా ఉంటే బరువు పడగానే వంగుతుంది.

చివరగా బరువు పరీక్ష. పిడిని రెండు పక్కలనుంచి మాత్రమే పట్టుకోండి, బొటనవేలు ఒక వైపు, మిగతా వేళ్లు ఇంకో వైపు. బ్లేడు మూసుకుంటే వచ్చే గాడి దగ్గర ఒక్క వేలు కూడా ఉండకూడదు. బల్ల అంచుకు బ్లేడు వెన్నును ఆనించి, మూసే దిశలో మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోండి. అరచేతి బలమంతా పెట్టినా నిలవాలి. కొందరు బల్ల మీద వెన్నును ఠపీమని కొట్టి చూస్తారు. అలా చేస్తే మంచి లాక్ కూడా పాడవుతుంది, దాంతో తెలిసేదీ ఏమీ లేదు.

లాక్ లేని చాకుకు ఈ పరీక్ష వద్దు. దాన్ని లాక్ లేని చాకులాగే వాడాలి, అంటే గుచ్చే పని ఎప్పుడూ చేయకూడదు. నా దృష్టిలో సందేహాస్పదమైన లాక్ ఉన్న చాకు కన్నా అసలు లాక్ లేని చాకు మేలు. లాక్ లేదని చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

5. బ్లేడు ఎంత పల్చన

చవక చాకును అడ్డంగా ముంచేది ఎక్కువగా ఉక్కు కాదు, మందం. గట్టిగా కనపడాలని నాలుగు మిల్లీమీటర్ల రేకు తీసుకుని, చివర్లో రెండు మిల్లీమీటర్లు మాత్రం సాన పట్టి వదిలేస్తారు. వాదర, అంటే కోసే అంచు, పదునుగానే ఉంటుంది, వేలికి తగిలితే తెగుతుంది కూడా. కానీ కాయ కోస్తే చీలికలా దిగబడుతుంది తప్ప కోయదు.

బొటనవేలు, చూపుడువేలు మధ్య బ్లేడును వెన్ను దగ్గర పట్టుకుని వాదర వైపు నెమ్మదిగా జార్చండి, వాదరకు కాస్త ముందే ఆగండి. లోహం క్రమంగా సన్నబడుతున్నట్టు తెలియాలి. మందంగానే సాగి చివర్లో గబుక్కున ముగిస్తే ఆ చాకు వద్దు. కొలత కావాలంటే ఏటీఎం కార్డు పనికొస్తుంది, దాని మందం 0.76 మిల్లీమీటరు. సానపట్టిన అంచు మొదలయ్యే చోట లోహం కార్డు కంటే పల్చగా ఉండాలి, అందులో సగం ఉంటే చాలా మంచిది. వెన్ను మందం రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు చాలు.

ఇంట్లో దీనికి క్యారెట్ పరీక్ష పెట్టండి. లావాటి క్యారెట్‌ను అడ్డంగా, తొందర లేకుండా కోయండి. పల్చటి బ్లేడు చివరిదాకా కోసుకుంటూ దిగుతుంది, ముక్క ముఖం నున్నగా తడిగా మెరుస్తుంది. మందపు బ్లేడు సగం దాకా వెళ్లి ఆగుతుంది, ఇంకాస్త నొక్కితే టక్‌మని ముక్క ఎగిరి స్టవ్ కింద పడుతుంది. పగిలిన ముఖం గరుకుగా ఉంటుంది. ఆ టక్‌మనే చప్పుడు వినపడిందంటే ఎంత సాన పట్టినా ఆ చాకు మారదు.

ఇంకో చూపు. బ్లేడును దీపం కింద పట్టుకుని వాదరను మీ కంటికేసి నిటారుగా తిప్పండి. పదునున్న అంచు కనపడదు, మొద్దుబారిన చోట తెల్లని చుక్కలా మెరుస్తుంది. రెండు పక్కల సాన ఒకే వెడల్పులో ఉందా అని కూడా చూడండి. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం అయితే చేసినవాడు తొందరలో ఉన్నాడు. వాడుకకు పెద్ద ఇబ్బంది లేదు గానీ, మిగతావి ఇంకాస్త జాగ్రత్తగా చూడమని హెచ్చరిక.

6. రెండు వారాల వాడకం

మొదట న్యూస్‌పేపరు. గాల్లో పట్టుకుని మడమ నుంచి మొనదాకా లాగుతూ కోయండి. ఎక్కడ చిరుగుతుందో అక్కడ గీత పెట్టుకోండి. తర్వాత ఒక పెద్ద అట్టపెట్టెను జానెడు పొడుగు పట్టీలుగా కోస్తూ లెక్కపెట్టండి. అట్ట చూడ్డానికి మెత్తన గానీ పదునును తినేస్తుంది. ప్రతి పది పట్టీలకూ మళ్లీ పేపరు కోయండి. నా దగ్గరున్న వాటిలో పనికిమాలినది పదిహేనుకే పేపరు చింపింది, మూడొందల చాకు నలభై దాటాక కూడా కోసింది.

పిడి సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. ఇరవై పట్టీలు కోశాక అరచేతిలో ఎక్కడ ఎర్రబడిందో చూసుకోండి. జేబుకు తగిలించే క్లిప్ చాలాసార్లు అసలు దొంగ. పదునైన పిడి అంచులను గరుకు కాగితంతో పది నిమిషాలు రుద్దితే పోతాయి, దానికోసం చాకును వదులుకోనక్కర్లేదు.

7. మొదటి పదును చూసి తీర్పు చెప్పకండి

ఈ పరీక్షలో ఓడిపోయిన చాకును వెంటనే పారేయొద్దు. ఫ్యాక్టరీలో చవక చాకులకు వేగంగా తిరిగే సాన మీద పదును పెడతారు. వాదర చివర వెంట్రుకంత సన్నం కాబట్టి క్షణంలో వేడెక్కి అక్కడివరకు మెత్తబడిపోతుంది. కింద ఉక్కు మంచిదే అయినా పైపైన ఆ మెత్తటి పొర ఉంటుంది. చేత్తో రెండు మూడుసార్లు సాన పడితే ఆ పొర పోయి అసలు ఉక్కు బయటికొస్తుంది. నా మూడొందల చాకు మొదటి వారం పరమ దండగ అనిపించింది. మూడో సాన తర్వాతే నలభై పట్టీలు కోసింది. సైకిల్ మీద వచ్చే సాన అబ్బాయికి ఇవ్వకపోవడానికీ కారణం ఇదే. నిప్పురవ్వలు చిమ్మే పొడి చక్రం మళ్లీ అదే వేడి పుట్టిస్తుంది. కూరగాయల కత్తిపీటకు సరిపోతుంది, ఇంత సన్నని వాదరకు కాదు.

రెండు వైపులా గరుకు, నునుపు ఉన్న సానరాయి ఒకటి చాలు. నీళ్లు చల్లండి. బ్లేడును రాయి మీద ఏ వాలులో పట్టుకోవాలన్నదే అందరి టెన్షన్. చదరపు కాగితం మూలను రెండుసార్లు మడవండి. తొంభై డిగ్రీలు నలభై ఐదై, తర్వాత ఇరవై రెండున్నర అవుతుంది. ఆ కాగితం వాలుకు కాస్త తక్కువగా పట్టుకుంటే సరి. సాన అంచు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండు రుద్దులు రుద్ది చూడండి. రంగు వాదర దాకా పోయిందా, వాలు సరే. పైన మాత్రమే పోయిందా, బ్లేడు కాస్త ఎత్తండి.

ఒక వైపే రుద్దుతూ ఉంటే కాసేపటికి అవతలి వైపు అంచున సన్నని గరుకు గోటికి తగులుతుంది. మడమ నుంచి మొనదాకా అది తగిలేవరకు వైపు మార్చొద్దు. తర్వాత రెండో వైపు అలాగే, ఆపైన నునుపు వైపు తేలికచేత్తో మార్చి మార్చి పది రుద్దులు. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి. రాయి లేని రోజు పింగాణీ కప్పును బోర్లిస్తే అడుగున మెరుగు లేని గరుకు వలయం ఉంటుంది, అత్యవసరానికి అది చాలు.

మూడుసార్లు ఇలా చేశాక కూడా పదిహేను పట్టీలకే చేతులెత్తేస్తే అప్పుడు ఆ ఉక్కు నిజంగానే మెత్తన.

8. తడి, పులుపు

కార్బన్ స్టీల్ బ్లేడుతో మామిడికాయ కోస్తే రెండు నిమిషాల్లో బ్లేడు నల్లబడుతుంది, ముక్కకు కూడా కాస్త ఇనుప వాసన అంటుతుంది. అది తుప్పు కాదు, ఆ నల్లటి పొర తర్వాత తర్వాత తుప్పు నుంచి కొంత కాపాడుతుంది. ఎర్రటి మచ్చ వస్తే మాత్రం తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో అయితే స్టెయిన్‌లెస్ వైపే మొగ్గండి. ఏదైనా సరే కోశాక కడిగి, తుడిచి, ఇరుసు దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్ము పట్టేస్తుంది.

9. జేబులో పెట్టుకుని బయటికి వెళ్లే ముందు

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింది నియమాల ప్రకారం తొమ్మిది అంగుళాలు మించిన పొడుగు, లేదా రెండు అంగుళాలు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి వేరు. జేబు చాకు ఆ కొలతల దగ్గరికి కూడా రాదు. కానీ బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునేవి కొనకండి. ఢిల్లీలో వాటి మీద విడిగా నోటిఫికేషన్ ఉంది, ఇక్కడైనా పోలీసులకు ఆ చప్పుడు ఒక్కటే చాలు. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ కుదరదు, చెకిన్ సంచిలో వేయండి. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు, వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ మూడు అంగుళాల లోపు వాదర ఉన్న, లాక్ లేని మడత చాకుకే కారణం అడగరు. లాక్ ఉంటే ఎంత చిన్నదైనా సరైన కారణం చూపించాలి. ఇక్కడ కొన్న లైనర్ లాక్ చాకును అక్కడి పిల్లలకు కానుకగా పంపొద్దు.

నా తీర్థం చాకు ఇంకా ఉంది. మరలు ఊడదీసి, లాక్ రేకు తీసేసి, బ్లేడును రాత్రంతా రెండు చెక్కముక్కల మధ్య అతికించి బిగించాను. ఇప్పుడది మడవదు. పెయింటు డబ్బా మూతలు లేపడానికి, గోడ మీద స్టిక్కర్లు గీకడానికి వాడుతున్నాను. పులిబొమ్మ ఉన్న పిడిముక్క మా అబ్బాయి తీసుకుపోయాడు.